నాగమల్లేశ్వరి నేర్చుకున్న ఫిన్నిష్

డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో జాకెట్లు కుట్టే నాగమల్లేశ్వరి యాభై ఆరేళ్ళ వయసులో ఫిన్నిష్ నేర్చుకోవడం మొదలుపెట్టిందని తెలిసినప్పుడు మనవాళ్ళు ముందు నమ్మలేదు, తర్వాత నవ్వారు, ఆ తర్వాత ఆమె కూతురు ఇషిత ఫిన్లండ్ కుర్రాణ్ణి చేసుకోబోతోంది కాబోలని తేల్చేశారు. జాకెట్టుకు కొలతలిస్తూనే, "పెళ్ళెప్పుడు ఆంటీ?" అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. ఇషిత ఆస్టిన్‌లో తన ఉద్యోగమేదో తను చేసుకుంటోంది. ఫిన్లండ్ పటంలో ఎక్కడుందని అడిగితే ఆ పిల్ల ఫోన్ తీసి వెతుక్కోవాలి. మల్లేశ్వరి ఎవరికీ జవాబు చెప్పలేదు. పక్కింటి ముసలావిడ కోసం ఒక భాష నేర్చుకుంటున్నానని చెబితే, పెళ్ళి సంగతి నయం, దీనికి మతి పోయిందని చెప్పుకుంటారని ఆమెకు తెలుసు.

ఆ ముసలావిడ పేరు ఐలి. మన వైపు పుట్టి ఉంటే ఐలమ్మ అయి ఉండేది. మల్లేశ్వరి భర్త కేశవరావు మొదటిరోజు నుంచీ ఆవిణ్ణి ఐలమ్మగారనే అనేవాడు, ఆవిడ ఎదురుగా లేనప్పుడు. ఆయన కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఐలి మిషిగన్ ఉత్తరాన, మంచు కిటికీలదాకా పేరుకునే ఒక గనుల ఊళ్ళో పుట్టింది. తల్లిదండ్రులు ఫిన్లండ్ నుంచి రాగి గనుల్లో పనికి వచ్చినవాళ్ళు. బడిలో వేసేదాకా ఆవిడకు ఇంగ్లీషు ముక్క రాదు. తర్వాత డెట్రాయిట్ వచ్చి, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసి, ఒక పోలిష్‌వాణ్ణి పెళ్ళాడి, ఒక కొడుకుని కని, ఫిన్నిష్ పలకరించే మనిషి లేని ఇంట్లో అరవై ఏళ్ళు ఇంగ్లీషులోనే బతికింది. కొడుక్కి తల్లి భాష రాదు. నేర్పమని వాడు అడగలేదు, ఈవిడా నేర్పలేదు.

మల్లేశ్వరి నర్సరావుపేట నుంచి కొత్త కోడలిగా ఆ వీధికి వచ్చినప్పుడు ఆమెకు భయపడనిదంటూ లేదు. ఫోన్ మోగితే భయం, తలుపు కొడితే భయం, రోడ్డు దాటాలంటే మరీ భయం. ఐలి ఒకరోజు గొడుగు పట్టుకుని వచ్చి, పేరడిగి, ఆ పేరు పొడుగు విని కాసేపు ఆలోచించి, "నిన్ను నాగ అంటాను" అని చెప్పి వెళ్ళిపోయింది. అడగడం కాదు, చెప్పడమే. డ్రైవింగ్ ఆవిడే నేర్పింది, ఆదివారం కాని రోజుల్లో చర్చి పార్కింగ్‌లో. ఒక్కనాడు మెచ్చుకున్న పాపాన పోలేదు. స్టాప్ బోర్డు దగ్గర ఆగమన్నారు గానీ ఆలోచిస్తూ కూర్చోమనలేదని గదమాయించేది. మల్లేశ్వరి ఇంగ్లీషులో తప్పు దొర్లితే చేతిలో పని ఆపకుండానే సరైన మాట పక్కన పడేసేది. ఎత్తిపొడుపు ఉండేది కాదు, జాలీ ఉండేది కాదు.

ఇషిత పుట్టినప్పుడు మల్లేశ్వరి తల్లికి వీసా రాలేదు. జనవరి నెల, బయట అడుగు తీసి అడుగు వేయలేని చలి. ఐలి పొద్దున్నే వచ్చి బిడ్డకు నీళ్ళు పోసేది. బాలింత ఏం తినాలో మల్లేశ్వరిని అడిగి తెలుసుకుని, అల్లం ఎక్కడ దొరుకుతుందో వెతికి కొనుక్కొచ్చింది. ఆవిడ వండిన అల్లం చారు మన చారులా ఉండేది కాదు, పోనీ వాళ్ళ సూపులానూ ఉండేది కాదు. మల్లేశ్వరి కళ్ళనీళ్ళతో తాగింది. ఆ తర్వాతి ఏళ్ళన్నీ మధ్యాహ్నాలు ఇద్దరివీ. ఐలి బేస్‌మెంట్‌లో మగ్గం ఉండేది. మనం పాత చీరలతో బొంతలు కుట్టుకున్నట్టు వాళ్ళు పాత గుడ్డలు పేలికలు చేసి నేలమీద పరిచే పట్టాలు నేస్తారు. ఆవిడ నేస్తుంటే, ఈమె పక్కన కుట్టు మిషన్ వేసుకుని కూర్చునేది. పుట్టింటికి ఎప్పుడు వెళ్ళినా తిరిగి రావాలనిపించడానికి ఆ బేస్‌మెంట్ ఒక కారణమని మల్లేశ్వరి కేశవరావుతో ఒకసారి అంది.

ఐలికి మతిమరుపు వచ్చింది. ముందు మనుషుల పేర్లు పోయాయి, తర్వాత స్టవ్ ఆర్పడం పోయింది. అరిజోనా నుంచి కొడుకు వచ్చి ఇల్లు అమ్మేసి, తల్లిని ఊరి చివర, మతిమరుపు వచ్చినవాళ్ళను చూసుకునే మెమరీ కేర్‌లో చేర్చాడు. అక్కడ తలుపులకు నంబర్ నొక్కితే గానీ తెరుచుకోని తాళాలు. చేరిన కొన్ని నెలలకు ఆవిడ ఇంగ్లీషు కూడా పోయింది. వెనక వచ్చింది ముందు పోతుందని డాక్టరు అన్నాడట. స్పూన్ పోయింది, బాత్రూమ్ పోయింది, థాంక్యూ పోయింది, చివరికి మిగిలింది ఆ గనుల ఊళ్ళో తల్లి నేర్పిన మాటలే. అక్కడ ఆ మాటలు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. మల్లేశ్వరి ప్రతి శనివారం వెళ్ళి ఎదురుగా కూర్చుని ఇంగ్లీషులో ఏదో ఒకటి చెబుతుంటే, ఐలి మర్యాదగా నవ్వి తల తిప్పుకునేది. రైల్లో ఎదురు సీటు మనిషిని చూసి నవ్వే నవ్వు అది.

ఆ నవ్వు మల్లేశ్వరిని తినేసింది. ఆవిడ తిట్టినా బాగుండేదనిపించింది. తన తల్లి పోయినప్పుడు కూడా ఆమె ఇంత దిక్కుతోచక తిరగలేదు, ఎందుకంటే తల్లి పోయిందని అందరూ వచ్చి పరామర్శించారు. ఈ దుఃఖానికి పరామర్శలు లేవు. ఆమెకు కావలసింది ఒక్కటే. ఐలి తనను ఎరిగిన మనిషిగా చూసి మళ్ళీ మాట్లాడాలి, వీలైతే నాగ అని పిలవాలి. ఆవిడ ఈ భాషలోకి రాలేనప్పుడు ఆవిడున్న భాషలోకి తనే వెళ్ళాలనుకుంది.

ఇండియన్ స్టోర్‌కి వెళ్ళే దారిలో ఒక ఫిన్నిష్ హాల్ ఉంది. అందులో బుధవారం సాయంత్రాలు భాష నేర్పేది రైమో అనే రిటైరైన ఇంజనీరు. మిగతా విద్యార్థులంతా తాతలు పాడిన పాటలకు అర్థం తెలుసుకోవాలని వచ్చిన తలనెరిసిన అమెరికన్లు. చీర మీద స్వెటర్ వేసుకుని వచ్చిన మల్లేశ్వరిని చూసి, మీ అమ్మాయి మావాణ్ణెవరినైనా చేసుకుంటోందా అని వాళ్ళూ అడిగారు. ప్రపంచంలో ఎక్కడైనా ఆడదాని చదువుకు పెళ్ళి తప్ప ఇంకో కారణం తోచదు జనానికి.

మొదటి పాఠంలోనే రైమో బోర్డు మీద 'తలొ' అని రాశాడు. ఇల్లు. తలొస్స అంటే ఇంట్లో, తలోన్ అంటే ఇంట్లోకి, తలొస్త అంటే ఇంట్లోంచి. ఇన్, ఇంటూ, ఫ్రమ్ లాంటి చిన్న మాటలు ఈ భాషలో ముందు నిలబడవనీ, మాట చివర అతుక్కుంటాయనీ, అలాంటి తోకలు పదిహేను రకాలనీ చెప్పాడు. తలనెరిసిన విద్యార్థులు ఉస్సురన్నారు. మల్లేశ్వరి మాత్రం కుర్చీలో ముందుకు జరిగింది. ఇది మన పద్ధతే. ముప్పై ఏళ్ళుగా మాటకు ముందు ఇన్ పెట్టాలా ఎట్ పెట్టాలా అని తడుముకున్న మనిషికి, మాట వెనకే లో, కి, నుంచి తగిలించుకుపోయే భాష ఈ చలిదేశంలో ఎదురైంది. 'క్యాసి' అంటే చెయ్యి, కానీ చేతిలో అనాలంటే క్యాదెస్స్యా అవుతుందనీ, మాట నడుమ అక్షరమే మారిపోతుందనీ చెప్పినప్పుడు క్లాసు గొల్లుమంది. చెయ్యి, చేతిలో. ఇల్లు, ఇంట్లో. ఆమె ఇందులో గొల్లుమనవలసినదేమిటో అర్థంకాక చుట్టూ చూసింది.

ఆ గర్వం రెండు వారాలు కూడా నిలవలేదు. తలొ అనే మాటకు ముందు రైమో 'ఇసొ' చేర్చాడు. పెద్ద. పెద్ద ఇల్లు అంటే ఇసొ తలొ. సరే, పెద్ద ఇంట్లో అంటే ఏమిటని అడిగితే, మల్లేశ్వరి ఠకీమని ఇసొ తలొస్స అంది. కాదన్నాడు. ఇసొస్స తలొస్స అనాలి. పెద్దకూ లో తగలాలి, ఇంటికీ లో తగలాలి. ఈ పెద్ద ఇంట్లో అంటే ఆ 'ఈ' కూడా మారి తీరాలి. మన భాషలో పెద్ద ఎక్కడికీ కదలదు. పెద్ద ఇల్లు, పెద్ద ఇంటికి, పెద్ద ఇంట్లోంచి, ఎన్ని మారినా పెద్ద పెద్దగానే కూర్చుని ఉంటుంది. వీళ్ళ పెద్ద అలా కూర్చోదు, తన వెనకున్న మాటను ఒంటరిగా ఎక్కడికీ పంపదు, అది ఏ తోక తగిలించుకుంటే తనూ ఆ తోకే తగిలించుకుని వెంట నడుస్తుంది. రైమో ఎంత చెప్పినా బుర్రకెక్కనిది, ఇంటికొచ్చి పట్టుచీర మీదికి జాకెట్టు కత్తిరిస్తుంటే చేతికెక్కింది. చీర అంచే జాకెట్టు చేతులకూ రావాలి. అంచు లేకుండా కుట్టి ఇస్తే ఏ పెళ్ళివారూ ఊరుకోరు.

అర్థమైనంత తేలిగ్గా నోరు తిరగలేదు. మిషన్ తొక్కుతూ వల్లించేది, అన్నం వారుస్తూ వల్లించేది. కేశవరావు పేపరు చాటు నుంచి, ఇదేం భాషే, ఒకరికి జలుబు చేస్తే ఇంటిల్లిపాదికీ అంటుకున్నట్టుందని వెక్కిరించేవాడు. అయినా ఆమెను బుధవారం హాల్ దగ్గర దించేది ఆయనే, ముగిసేదాకా కార్లో కూర్చునేదీ ఆయనే. ఐలితో ఆమె ఇంకా ఆ భాషలో నోరు విప్పలేదు. తప్పు మాట్లాడితే ఆ రైలు నవ్వే మళ్ళీ చూడాల్సి వస్తుందేమోనని భయం.

శీతాకాలం ముగుస్తుండగా ఒక శనివారం, ఐలి కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తూ కూర్చుని ఉంది. కేశవరావు కొత్తగా కొన్న కార్లో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఐలి చూపు ఆ కారు మీదే ఉందని గమనించి, మల్లేశ్వరి గుండె చిక్కబట్టుకుని, నా మొగుడు కొత్త కార్లో ఉన్నాడని ఫిన్నిష్‌లో చెప్పింది. కొత్తకు ఊసి. పుస్తకంలో కారుకు ఔతొ. నాలుక పాత అలవాటు చొప్పున ఊసి ఔతొస్స అనేసింది.

"ఊదెస్స," అంది ఐలి, తల తిప్పకుండా.

మల్లేశ్వరి దగ్గరికి జరిగింది. ఐలి ఇంకాసేపు కారును చూసి, చిన్నపిల్లకు చెప్పినట్టు మళ్ళీ చెప్పింది.

"ఊదెస్స కారస్స."

ఔతొ కాదు, కార. ఆ గనుల ఊరి ఫిన్నిష్‌వాళ్ళు ఇంగ్లీషు కారునే పట్టుకుని, దానికి తమ తోక తగిలించి వాడుకున్నారు. కారస్స. కార్లో. మనం చేసే పనే, మన పిల్లలు వెక్కిరించే పనే. మల్లేశ్వరికి నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. ఊదెస్స కారస్స అని గట్టిగా అప్పజెప్పింది. ఐలి తల ఊపి, ఆమె చెయ్యి అందుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. సరైన మాట పక్కన పడేసే ఆ మనిషి తిరిగొచ్చింది. ఆనాడు కార్లో ఇంటికి వస్తూ మల్లేశ్వరి మాట్లాడిన మాటలకు అంతు లేదు. కేశవరావు ఒక మలుపు దాటిపోయి, మళ్ళీ వెనక్కి తిప్పుకుని రావలసి వచ్చింది.

ఆ తర్వాతి శనివారాలు పండగలే. ఐలి మాట్లాడటం మొదలుపెట్టింది. నల్ల ఆవు గురించి, సరస్సులో గడ్డకట్టిన నీళ్ళ గురించి, గనిలోంచి వచ్చిన తండ్రి ముఖం కడుక్కునే తొట్టి గురించి. మల్లేశ్వరికి సగం అర్థమయ్యేది. అర్థంకాని చోట ఏదో ఒక తోక పట్టుకునేది, లో వినిపిస్తే ఎక్కడో లోపల జరిగిందని, నుంచి వినిపిస్తే ఎక్కణ్ణుంచో వచ్చిందని. తన మాటల్లో తప్పులు దొర్లితే ఐలి దిద్దేది. నాగ అని మాత్రం ఒక్కసారీ పిలవలేదు. తనను ఎవరనుకుంటోందో, స్నేహితురాలనా, చెల్లెలనా, మల్లేశ్వరికి తెలియదు. ఫర్వాలేదు, ఈసారి కాకపోతే వచ్చేవారం పిలుస్తుంది అనుకునేది. అనుకుని, లేచి, తలుపు దగ్గర నిలబడి సెలవు తీసుకునేది.

అదిగో, అక్కడే పొరపాటు జరిగింది. ఇంగ్లీషులో అయితే ఆమె ఎప్పుడూ బై అనేసి వచ్చేసేది. ఆ భాష ఆమెకు బజారు పనులకోసం పట్టుబడ్డది, దానికి మన మర్యాదలు అంటలేదు. ఫిన్నిష్‌ను మాత్రం ఆమె తెలుగులోంచి నేర్చుకుంది, ఇంట్లోకీ చేతిలోకీ మన మాటలతోనే జత కలుపుకుంటూ నేర్చుకుంది. అందుకని సెలవు తీసుకునేటప్పుడు కూడా తెలుగింటి ఆడది ఏమంటుందో అదే నోటికొచ్చింది. మెనెన్ య తులెన్. వెళ్ళొస్తాను. పుస్తకంలో ఆ మాట లేదు, రైమో నేర్పలేదు. ఆమే కూర్చుకుంది, కూర్చుకున్నందుకు మురిసిపోయింది కూడా.

మెమరీ కేర్ నర్సు డెనీస్ ఒక శుక్రవారం ఫోన్ చేసింది. శనివారం మల్లేశ్వరి వెళ్ళిపోగానే ఐలి కోటు తొడుక్కుని, కుర్చీ లాక్కెళ్ళి తలుపు దగ్గర వేసుకుని కూర్చుంటోందట. భోజనానికి పిలిస్తే రాదు. కోటు విప్పనివ్వదు. తులే, తులే అంటూ ఉంటుందట. మొదట్లో సాయంత్రం దాకానే కూర్చునేది, ఇప్పుడు వారంలో సగం రోజులు అక్కడే. నిన్న ఎవరో తలుపు తీస్తే లేవబోయి పడింది, మణికట్టు వాచింది. ఆ తులే ఏమిటో మీకేమైనా తెలుసా అని డెనీస్ అడిగింది. మల్లేశ్వరికి తెలుసు. వస్తుంది అని. ఫోన్ పెట్టేసిన కాసేపటికే అరిజోనా నుంచి కొడుకు కూడా చేశాడు. మంచిగానే మాట్లాడాడు. మీరు చేస్తున్నదానికి రుణపడి ఉన్నాను, కానీ అమ్మ స్థిమితంగా ఉండటం ముఖ్యం, మీరు ఇక రాకపోతేనే మేలేమోనని అన్నాడు.

మల్లేశ్వరి కుట్టు మిషన్ ముందు కూలబడింది. ఆ ముసలిప్రాణం తిండి మాని, చేయి వాచేలా పడిందని తెలిసినా, ఆమె లోపల ఒక సంతోషం కదిలింది. ఎదురుచూస్తోంది. తనకోసం. పేరు గుర్తులేకపోతేనేం, ముఖం గుర్తులేకపోతేనేం, వస్తానన్న మనిషి ఒకతె ఉందని ఆ మనసులో రోజుల తరబడి నిలిచి ఉంది. ఇంతకన్నా ఏం కావాలి? ఆ సంతోషానికి తనమీద తనకే అసహ్యం వేసింది, అయినా అది పోలేదు.

బుధవారం రైమోకు జరిగింది చెప్పింది. ఆయన నవ్వలేదు. మీరు వస్తానన్నారు, ఆవిడ నమ్మింది, మా వాళ్ళు అలాంటి మాట ఊరికే అనరు అన్నాడు. ఎక్కడికి వెళ్తున్నారో సూటిగా చెప్పండి, ఆవిడ మనసు కుదుటపడుతుందని చెప్పి, ఒక వాక్యం ఇచ్చాడు. మెనెన్ ఒమాన్ కొతీన్. నా సొంత ఇంటికి వెళ్తున్నాను. సొంతకూ ఇంటికీ రెండింటికీ కి తగిలింది, ఆ సంగతి ఇప్పుడు ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంటికొచ్చి ఎన్నిసార్లు వల్లించబోయినా వాక్యం మొదట్లోనే ఆగిపోయింది.

"ఆ ముక్క నా నోటికి రావట్లేదండీ," అంది కేశవరావుతో.

"ఏం, గ్రామర్ టఫ్‌గా ఉందా?"

"గ్రామర్ కాదు. అంత పెద్దావిడ ముందు నిలబడి, వెళ్తున్నా అని ఎలా అంటాను? రేపేమన్నా అయితే?"

"ఇన్నేళ్ళూ బై చెప్పావుగా మరి."

"బై అంటే నాకేం తగలదండీ. ఇది తగులుతుంది."

కేశవరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"వెళ్ళొస్తానంటే నీకు బాగుంటుంది," అన్నాడు. "ఆవిడేమో కోటేసుకుని తలుపు దగ్గర కూర్చుంటోంది మల్లీ."

ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండింది. నిజం కాకపోతే అంత మండేది కాదు. అప్పటికప్పుడు అరిజోనాకు ఫోన్ చేసి, ఒక్క శనివారం అవకాశమివ్వమని కొడుకును బతిమాలుకుంది. ఆ తర్వాత కూడా మీ అమ్మ తలుపు దగ్గర కూర్చుంటే నేనే మానేస్తానంది. అతను ఒప్పుకున్నాడు.

శనివారం ఆమె వెళ్ళేసరికి ఐలి తలుపు దగ్గరే ఉంది. కోటు గుండీలన్నీ పెట్టుకుని, కట్టు కట్టిన చేయి ఒళ్ళో పెట్టుకుని. మల్లేశ్వరిని చూడగానే ఆ ముఖం విప్పారిన తీరు చూస్తే, ఎవరూ తనకోసం ఎన్నడూ అంతగా సంతోషపడలేదనిపించింది. పెళ్ళినాడు కేశవరావు కూడా, ఎయిర్‌పోర్ట్‌లో ఇషిత కూడా అంత సంతోషపడలేదు. ఆమె ఐలి కోటు విప్పించి, లోపలికి నడిపించి, కాఫీ తాగించింది. ఆవు గురించి విన్నది, సరస్సు గురించి విన్నది. డెనీస్ దూరం నుంచి చూస్తోంది. ఇంక లేవక తప్పదన్నప్పుడు లేచింది. గడపదాకా వెళితే ఐలి వెంట వస్తుందని, కుర్చీ దగ్గరే వంగి, ఆవిడ కళ్ళలోకి చూసి చెప్పింది.

"మెనెన్ ఒమాన్ కొతీన్."

వాక్యంలో తప్పు దొర్లలేదు. ఎక్కడైనా దొర్లి ఉంటే దిద్దడానికైనా ఐలి ఇంకో మాట మాట్లాడేది. ఆవిడ ఆమె ముఖం కేసి చూసి, పొద్దుపోయింది, మరి వెళ్ళు అని శాంతంగా చెప్పింది. ఇంటికి వెళ్ళే ఆడపిల్లను ఆపకూడదని తెలిసిన మనిషిలా. చెప్పి, కాఫీ కప్పు వైపు తిరిగింది. మల్లేశ్వరి నంబర్ నొక్కి తలుపు తీసుకుని, బయటికొచ్చి, అద్దంలోంచి వెనక్కి చూసింది. ఐలి కుర్చీ కదల్లేదు.

కార్లో కూర్చున్నాక ఏడ్చింది. కేశవరావు ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఊరుకున్నాడు. వెళ్ళనిచ్చేసిందండీ అని ఒక్క మాట చెప్పగలిగింది. తనకోసం కోటు తొడుక్కుని కూర్చునే మనిషి లోకంలో ఒక్కరుంటే, ఆ ఒక్కరి చేతా ఆ కోటు తనే విప్పించి వచ్చింది. మంచిపనే చేసింది. దానికి ఇంత నొప్పేమిటో ఆమెకు అర్థం కాలేదు.

వారం గడిచింది. డెనీస్ ఫోన్ చేయలేదు, కొడుకూ చేయలేదు. మళ్ళీ శనివారం మల్లేశ్వరి తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి అక్కడ కుర్చీ లేదు. డెనీస్ నవ్వుతూ ఎదురొచ్చింది. వారమంతా వేళకు తిందనీ, ప్రశాంతంగా పడుకుందనీ, ఇక మీరు ఎప్పటిలాగే రావచ్చని కొడుకు కూడా చెప్పాడనీ చెప్పింది. ఐలి భోజనాల గదిలో కిటికీ పక్కన కూర్చుని సూప్ తాగుతోంది. మల్లేశ్వరి వెళ్ళి ఎదురుగా నిలబడితే తలెత్తి చూసింది. రైలు నవ్వు కాదు, విప్పారిన ముఖమూ కాదు. కొత్తగా వీధిలోకి వచ్చిన మనిషిని పెద్దవాళ్ళు చూసే చూపు. ఎవరి పిల్లవు నువ్వు అని తన భాషలో అడిగింది.

మన ఊళ్ళోనూ ముసలివాళ్ళు ముందు అడిగేది అదే. పేరు కాదు, ఎవరి పిల్లవని. నాగ అని చెబుదామనుకుంది మల్లేశ్వరి. పక్కింటి కుట్టుపని మనిషినని చెబుదామనుకుంది, ఇన్నేళ్ళ స్నేహాన్ని వచ్చిన ఆ నాలుగు ముక్కల్లో ఎలాగోలా చెబుదామనుకుంది.

"సినున్," అంది. నీ పిల్లనే.

ఐలి స్పూన్ దించి కాసేపు ఆలోచించింది. తనకు ఆడపిల్ల ఉన్నట్టు గుర్తు చేసుకోబోయి, దొరక్క, అయినా కాదనలేక కాబోలు, పక్క కుర్చీ మీదున్న నాప్కిన్ తీసేసింది.

"అయితే కూర్చో," అంది.

మల్లేశ్వరి కూర్చుంది.